పాత కంప్యూటరు, బరువెక్కిన బ్రౌజరు

మీ ఇంట్లోనో, దుకాణంలోనో, పనిచేసే చోటనో విండోస్ 7 మీద నడిచే పాత కంప్యూటరు ఉందా? అయితే ఈ ప్రసంగం మీ కోసమే. పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకుంటే ఇంకా మంచిది. రెండు మూడు చోట్ల రాసుకోవాల్సి వస్తుంది.

2010లోనో, 2012లోనో కొన్న డెస్క్‌టాప్ అనుకుందాం. 4 జీబీ ర్యామ్ ఉంది. మామూలు హార్డ్ డిస్క్ ఉంది. టైపింగు బాగానే చేస్తుంది. ప్రింటు ఇస్తుంది. పాత సినిమా పెడితే ఆగకుండా చూపిస్తుంది. ఇంటర్నెట్ తెరిచేసరికి మాత్రం మొరాయిస్తుంది. మౌస్ బాణం కదలదు. తెర పాలిపోతుంది. పైన "నాట్ రెస్పాండింగ్" అని పడుతుంది. కాసేపటికి బ్రౌజరు దానంతటదే మూసుకుపోతుంది. సగం నింపిన దరఖాస్తు పోయినట్టే. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

అప్పుడు చాలామంది ఏం చేస్తున్నారు? సీపీయూ ఎత్తుకుని రిపేరు షాపుకి వెళ్తున్నారు. "వైరస్ పట్టిందండీ, ఫార్మాట్ కొట్టాలి" అని అక్కడ చెబుతారు. ఫార్మాట్ అయ్యాక కొన్నాళ్ళు బాగుంటుంది. తర్వాత మళ్ళీ మామూలే. ఇంకోసారి షాపుకి. ఇంకోసారి డబ్బులు.

ఇలాంటి కంప్యూటర్లలో చాలావాటికి వైరస్ ఏమీ ఉండదు. వాటికి చోటు చాలడం లేదు, అంతే. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. బ్రౌజరుకు చోటు చాలక కంప్యూటరు ఆగిపోతోంది. ఆ చోటు ఎక్కడుంటుందో, ఎలా నిండుతుందో తెలిస్తే సగం బాధ మీరే తీర్చుకోగలరు.

చోటు అంటే ఏమిటి? మీ వంటింటిని ఒకసారి తలుచుకోండి. పొయ్యి పక్కన గట్టు ఉంటుంది. పైన అటక ఉంటుంది. వంట చేసేటప్పుడు కావలసినవన్నీ గట్టు మీద పెట్టుకుంటాం. చెయ్యి చాపితే అందుతాయి. గట్టు నిండిపోతే ఏం చేస్తాం? అప్పటికి అక్కరలేని గిన్నెల్ని అటక మీదకి ఎక్కిస్తాం. మళ్ళీ కావాలంటే స్టూలు వేసుకుని దించుకోవాలి.

కంప్యూటర్లో గట్టు అంటే ర్యామ్. అటక అంటే హార్డ్ డిస్క్‌లో ఒక ఫైలు. దాన్ని పేజ్ ఫైల్ అంటారు. ర్యామ్ నిండిపోతుంటే విండోస్ తనంతట తానే కొన్ని వస్తువుల్ని ఆ ఫైల్లోకి ఎక్కిస్తుంది. మనకి అవి మళ్ళీ కావలసి వస్తే కిందికి దించుతుంది. ఈ ఎక్కించడం, దించడం మన కంటికి కనపడవు. చెవికి మాత్రం వినిపిస్తాయి. సీపీయూ డబ్బాలోంచి గరగరమని శబ్దం వస్తుంది చూడండి, లైటు ఆగకుండా మిణుకుమంటుంది చూడండి. అప్పుడు జరిగేది చాలాసార్లు అదే.

తేడా ఎంతో తెలుసా? పాత హార్డ్ డిస్క్ లోపల పళ్ళెం తిరగాలి, దాని మీద ముల్లు కదిలి సరైన చోటికి చేరాలి. అందుకే ర్యామ్ నుంచి ఒక ముక్క అందడానికి పట్టే సమయంతో పోలిస్తే, అక్కడి నుంచి అందడానికి లక్ష రెట్ల దాకా ఎక్కువ పడుతుంది. అటక మీద ఉన్న దాని కోసం కంప్యూటరు అన్ని పనులూ ఆపుకుని నిలబడుతుంది. దాన్నే మనం హ్యాంగ్ అయింది అంటాం.

ఇంతకీ గట్టు నింపేస్తున్నది ఎవరు? పాత కంప్యూటర్లో దాదాపు ఎప్పుడూ బ్రౌజరే.

మీరే చూడొచ్చు. ఇది రాసుకోండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్. ఈ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో ప్రాసెసెస్ అనే చోటికి వెళ్ళండి. మెమరీ అని ఒక నిలువు వరస ఉంటుంది. దాని తల మీద నొక్కితే ఎక్కువ తినేవి పైకి వస్తాయి. మీరు బ్రౌజరు ఒక్కసారే తెరిచారు. అక్కడ మాత్రం ఫైర్‌ఫాక్స్ అనో, క్రోమ్ అనో ఒకే పేరు పది పన్నెండు వరసల్లో కనిపిస్తుంది. చాలామంది దీన్ని చూసే వైరస్ అని భయపడతారు. భయం అక్కర్లేదు. అది బ్రౌజరు పనిచేసే పద్ధతి. కింద అంచున "ఫిజికల్ మెమరీ" అని, పక్కన శాతం ఉంటుంది. అది 90 దాటి కూర్చుంటే గట్టు నిండిపోయిందని అర్థం.

అక్కడ కనిపించే ఒక్కో వరస ఒక్కో ప్రాసెస్, అంటే విడిగా నడిచే ఒక పని. ఒక్క బ్రౌజరు పది వరసలు ఎందుకయింది? ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి.

2008 సెప్టెంబరులో గూగుల్ క్రోమ్ వచ్చింది. అంతకుముందు మామూలుగా బ్రౌజరంతా ఒకే ప్రాసెస్‌గా నడిచేది. అన్ని ట్యాబులూ ఒకే గిన్నెలో ఉడికినట్టు. ఒక పేజీ చెడితే మొత్తం బ్రౌజరే పోయేది. క్రోమ్ పేజీలను వేర్వేరు ప్రాసెసుల్లో పెట్టింది. ఒకటి మాడినా మిగతావి దక్కుతాయి. ఫైర్‌ఫాక్స్ ఈ దారికి చాలా ఆలస్యంగా వచ్చింది. 2016 ఆగస్టులో 48వ వెర్షన్‌తో మొదలుపెట్టి, 2017 జూన్‌లో 54వ వెర్షన్ నాటికి పేజీల కోసం నాలుగు ప్రాసెసుల దాకా వాడటం మొదలుపెట్టింది.

తర్వాత 2018 జనవరిలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. అది ప్రాసెసర్ చిప్పుల్లోనే ఉన్న లోపం. ఒక సైటులోని ప్రోగ్రాము, అదే ప్రాసెస్‌లో ఉన్న ఇంకో సైటు వివరాలను దొంగచాటుగా చదివే వీలుందని తేలింది. అంటే ఏదో ఊరూపేరూ లేని సైటు, పక్క ట్యాబులో ఉన్న మీ బ్యాంకు పేజీలోకి తొంగిచూడొచ్చు. దానికి విరుగుడుగా ఒక్కో సైటుకు ఒక్కో ప్రాసెస్ కట్టబెట్టారు. క్రోమ్ 2018లోనే 67వ వెర్షన్‌తో ఈ పని చేసింది. దీనివల్ల మెమరీ ఖర్చు 10 నుంచి 13 శాతం పెరుగుతుందని గూగుల్ అప్పుడే చెప్పింది. 2021లో ఫైర్‌ఫాక్స్ కూడా అదే దారి పట్టింది.

కాబట్టి కొత్త బ్రౌజరు మెమరీ ఎక్కువ తింటోందని కోప్పడేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. అందులో కొంత మీ భద్రతకి అయ్యే ఖర్చు. కొందరు ఎక్కడెక్కడో చదివి, ఈ విడదీతను ఆపేసే సెట్టింగులు మారుస్తుంటారు. ర్యామ్ కొంచెం మిగులుతుంది. రక్షణ పోతుంది. ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

మిగతా ఖర్చు పేజీలది. ఒక వార్త చదవడానికి పేజీ తెరుస్తారు. వార్త నాలుగు పేరాలు. దాని చుట్టూ కదిలే ప్రకటనలు, దానంతటదే మొదలయ్యే వీడియో, మీరు ఎక్కడ నొక్కుతున్నారో లెక్కపెట్టే ప్రోగ్రాములు. మీరు ఇంకో ట్యాబుకి వెళ్ళిపోయినా అవి చాలాసార్లు మెమరీలోనే కూర్చుని ఉంటాయి. ఇలాంటివి పదిహేను తెరిచి వదిలేస్తే 4 జీబీ ఏ మూలకి?

అసలు ఆ 4 జీబీ అయినా పూర్తిగా దక్కుతోందా? ఇదీ చూసుకోవాల్సిందే. డెస్క్‌టాప్ మీద కంప్యూటర్ అనే బొమ్మ మీద రైట్ క్లిక్ చేయండి. ప్రాపర్టీస్ నొక్కండి. అక్కడ సిస్టమ్ టైప్ అని ఉంటుంది. 32 బిట్ అని ఉందా, 64 బిట్ అని ఉందా? చూసి రాసుకోండి.

32 బిట్ విండోస్ 7 అయితే, 4 జీబీ ర్యామ్ వేసినా అంతా వాడుకోలేదు. మూడుంబావు, మూడున్నర జీబీ మాత్రమే యూజబుల్ అని పక్కనే చూపిస్తుంది. మిగతా లెక్క గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరాలకి పోతుంది. పైగా ఒక్కో ప్రాసెస్‌కి మామూలుగా 2 జీబీకి మించి చోటు దొరకదు. ఫైర్‌ఫాక్స్ అంతా ఒకే ప్రాసెస్‌గా ఉన్న రోజుల్లో ఇదే పెద్ద శాపం. కంప్యూటర్లో ర్యామ్ మిగిలి ఉన్నా, తన వాటా 2 జీబీ ముక్కలు ముక్కలుగా నిండిపోయి బ్రౌజరు కుప్పకూలేది.

షాపుల్లో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. 32 బిట్ విండోస్ ఉన్న కంప్యూటరులో ఇంకో 4 జీబీ ర్యామ్ వేసి, 8 జీబీ చేశామంటారు. విండోస్ దాన్ని వాడుకోదు. డబ్బు దండగ. ర్యామ్ వేయించుకునే ముందు 32 బిట్టా, 64 బిట్టా అని అడగండి. మళ్ళీ చెబుతున్నాను. ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి, తర్వాతే డబ్బు తీయండి.

ఇప్పుడు అసలు చిత్రమైన సంగతికి వస్తాను. చాలామందికి తెలియనిదీ, నాకు చాలా ముఖ్యమనిపించేదీ ఇదే.

ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా ఇంజనీర్లు, బ్రౌజరు కూలిపోయినప్పుడు వచ్చే రిపోర్టులను పరిశీలించారు. విండోస్ మీద మెమరీ చాలక కూలిపోయిన వాటిలో చాలా కంప్యూటర్లకి ర్యామ్ ఇంకా మిగిలే ఉంది. గట్టు మీద చోటుంది. అయినా బ్రౌజరు పోయింది. ఎందుకు?

విండోస్‌కి ఒక నియమం ఉంది. ఏ ప్రోగ్రాము ఎంత చోటు అడిగినా, అంత చోటు ఇవ్వగలనని లెక్క చూసుకున్నాకే సరే అంటుంది. గట్టు, అటక రెండూ కలిపి ఎంత ఉందో అంతవరకే మాట ఇస్తుంది. ప్రోగ్రాములేమో అవసరం కంటే ఎక్కువ అడిగి అట్టిపెట్టుకుంటాయి. గ్రాఫిక్స్ డ్రైవర్లు మరీను. వాడవు, వదలవు. అలా గట్టు కంటికి ఖాళీగానే ఉంటుంది, లెక్కలో మాత్రం మొత్తం అయిపోతుంది. అప్పుడు బ్రౌజరు ఒక చిన్న ముక్క చోటు అడిగినా విండోస్ లేదంటుంది. లేదనగానే బ్రౌజరు కూలిపోతుంది.

మరి అటక పెంచుకోవచ్చు కదా? విండోస్ పెంచుతుంది. అవసరమైతే పేజ్ ఫైల్‌ని పెద్దది చేస్తుంది. అందుకు కొంచెం సమయం పడుతుంది. ఆ కొద్ది క్షణాల్లోనే బ్రౌజరు అడగడం, లేదనిపించుకోవడం, కూలిపోవడం అయిపోతున్నాయి. మొజిల్లా వాళ్ళు చేసిన మార్పు వింటే ఇంతేనా అనిపిస్తుంది. విండోస్ లేదన్నప్పుడు వెంటనే కూలిపోకుండా, కాస్త ఆగి మళ్ళీ అడగమని బ్రౌజరుకి నేర్పారు. ఆ కాస్త వ్యవధిలో విండోస్ పేజ్ ఫైల్‌ని పెంచేస్తుంది. రెండోసారి అడిగితే చోటు దొరుకుతుంది. 2022లో 105వ వెర్షన్‌తో ఈ మార్పు వచ్చింది. మెమరీ చాలక బ్రౌజరు మొత్తం కూలిపోవడం బాగా తగ్గింది. పాత కంప్యూటరు వాడేవాళ్ళకి ఇంత మేలు చేసిన మార్పు ఈ మధ్యకాలంలో ఇంకోటి నాకు కనపడలేదు.

కానీ ఒక్కటి గమనించండి. అటక పెరగాలంటే హార్డ్ డిస్క్‌లో ఖాళీ ఉండాలి. పేజ్ ఫైల్ మామూలుగా సీ డ్రైవ్‌లో ఉంటుంది. సీ డ్రైవ్ నిండిపోయి ఉంటే అటక పెరగడానికి చోటేది? బ్రౌజరు ఎంతసేపు ఆగి అడిగినా లాభం లేదు. కూలిపోతుంది.

నేను చూసిన ఒక జిరాక్స్ షాపు సంగతి చెబుతాను. హాల్ టికెట్ల సీజను. బయట పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. లోపల బ్రౌజరు రెండు మూడు హాల్ టికెట్లు డౌన్‌లోడ్ చేయడం, మూసుకుపోవడం. షాపాయన చెమటలు తుడుచుకుంటూ మళ్ళీ తెరుస్తున్నాడు. డెస్క్‌టాప్ మీద వాల్‌పేపరు ఎక్కడా కనపడటం లేదు. పై నుంచి కింది దాకా ఫైళ్ళే. వచ్చినవాళ్ళ ఆధార్ స్కాన్లు, ఫొటోలు, మార్కుల మెమోలు, పీడీఎఫ్‌లు. ఏళ్ళ తరబడి పేరుకున్నవి. కంప్యూటర్ అనే బొమ్మ తెరిచి చూస్తే సీ డ్రైవ్ పట్టీ ఎర్రగా మారి ఉంది. విండోస్ 7లో డ్రైవు దాదాపు నిండిపోతే ఆ పట్టీ నీలం నుంచి ఎరుపుకి మారుతుంది. పక్కనే డీ డ్రైవ్ సగానికి పైగా ఖాళీ.

డెస్క్‌టాప్ మీద పెట్టిన ప్రతి ఫైలూ నిజానికి సీ డ్రైవ్‌లోనే ఉంటుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డరు కూడా సీ డ్రైవ్‌లోదే. ఇది చాలామందికి తెలియదు. ఆయన అక్కరలేనివి తీసేసి, కావలసినవి డీ డ్రైవ్‌కి మార్చాడు. రీసైకిల్ బిన్ ఖాళీ చేశాడు. బ్రౌజరు మూసి తెరిచాడు. ఆ పూటంతా అది మళ్ళీ కూలిపోలేదు. నెమ్మదిగానే నడిచింది. అయినా నిలబడింది. ఇంకో మాట, పదిమంది ఆధార్ కాపీలు అలా డెస్క్‌టాప్ మీద ఉండటం మంచిది కాదు. పని అయిపోగానే తీసేయడం వాళ్ళ పట్ల మన బాధ్యత.

కాబట్టి రాసుకోండి. సీ డ్రైవ్‌లో ఎప్పుడూ పది జీబీలైనా ఖాళీ ఉంచండి. పేజ్ ఫైల్‌ని ఎవరైనా ఆపేసి ఉంటే మళ్ళీ పెట్టించండి. హార్డ్ డిస్క్ నెమ్మది కాబట్టి దాన్ని తీసేస్తే వేగం వస్తుందని సలహా చెప్పేవాళ్ళున్నారు. తీసేస్తే వేగం సంగతేమో గాని బ్రౌజరు ముందు పోతుంది. దాని సైజుని విండోస్‌కే వదిలేయండి. అదే పెంచుకుంటుంది, అదే తగ్గించుకుంటుంది.

అటక సంగతి అయింది. ఇప్పుడు గట్టు సర్దుకుందాం.

ముందు ట్యాబులు. "మళ్ళీ చూద్దాం" అని వదిలేసిన ట్యాబులే ఎక్కువ చోటు తింటాయి. మళ్ళీ చూడాలంటే బుక్‌మార్క్ పెట్టుకుని మూసేయండి. ఏ ట్యాబు ఎంత తింటోందో ఫైర్‌ఫాక్స్ తనే చూపిస్తుంది. పైన అడ్రసు కొట్టే చోట అబౌట్ అని ఇంగ్లీషులో కొట్టండి. వెంటనే కోలన్, అంటే ఒకదాని కింద ఒకటి రెండు చుక్కలు. ఖాళీ వదలకుండా ప్రాసెసెస్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. సైట్ల పేర్లు, వాటి పక్కన అవి తినే మెమరీ కనిపిస్తాయి. పెద్ద అంకె ఉన్నదాన్ని అక్కడే మూసేయొచ్చు. క్రోమ్‌లో అయితే షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఇలాంటిదే వస్తుంది. ఒక్కసారి చూడండి. మీరు అనుమానించనిది, ఎక్కడో మూలన ఉన్న ట్యాబు, పై వరసలో కనిపించవచ్చు.

తర్వాత, మధ్యాహ్నం ఒకసారి బ్రౌజరుని పూర్తిగా మూసి తెరవండి. పొద్దుటి నుంచి తెరిచి ఉన్న పేజీలు కొన్ని వాడుకున్న చోటుని తిరిగి ఇవ్వవు. మూస్తేనే వదులుతాయి. ట్యాబులు పోతాయని దిగులు వద్దు. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో, జనరల్ అనే చోట, "ఓపెన్ ప్రీవియస్ విండోస్ అండ్ ట్యాబ్స్" అని ఉంటుంది. దానికి టిక్ పెట్టండి. తిరిగి తెరిచినప్పుడు మీ ట్యాబులన్నీ వరసగా ఉంటాయి. కాని మీరు చూస్తున్న ఒక్కటే లోడ్ అవుతుంది. మిగతావి పేరుకే ఉంటాయి. నొక్కినప్పుడే వస్తాయి. గట్టు మీద గిన్నెలన్నీ దించేసి, కావలసింది ఒక్కటే మళ్ళీ పెట్టుకున్నట్టు. పైసా ఖర్చు లేని ఉపాయం ఇది. పాత కంప్యూటరుకి ఇంతకంటే మంచిది నాకు తెలియదు.

ఇక ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజరుకి అదనంగా తగిలించుకునే యాడ్-ఆన్లు. కూపన్లు వెతికేవి, వాతావరణం చెప్పేవి, ఎప్పుడో ఎవరో వేసినవి. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో ఈ యాడ్-ఆన్లు మూసేసిన పేజీల మెమరీని కూడా పట్టుకు వేలాడేవి. 2011లో మొజిల్లా మెమ్‌ష్రింక్ అని ఒక పనే పెట్టుకుని ఇలాంటి లీకులను వెతికింది. 2012 ఆగస్టులో 15వ వెర్షన్ వచ్చాక యాడ్-ఆన్ల లీకులు చాలావరకు కట్టడి అయ్యాయి. అయినా ఉన్న ప్రతి ఎక్స్‌టెన్షనూ కొంత చోటు తింటుంది. అక్కరలేనివి తీసేయండి. మంచి యాడ్ బ్లాకర్ ఒక్కటి ఉంచుకోండి. ప్రకటనలు లోడ్ కాకపోతే ఆ మేరకు చోటు మిగులుతుంది. రెండు మూడు యాడ్ బ్లాకర్లు పెడితే ఆ మిగిలిందీ పోతుంది.

వీడియో పెట్టగానే తెర నల్లబడుతోందా? బ్రౌజరు పోతోందా? అది పాత గ్రాఫిక్స్ డ్రైవర్ వల్ల కావచ్చు. సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ తీసేసి చూడండి. నిలబడితే అలాగే ఉంచండి.

ఇంతవరకూ చోటు సంగతి. ఇప్పుడు ఏ బ్రౌజరు అనే ప్రశ్న. ఇక్కడ నేను కొంచెం కటువుగా మాట్లాడతాను.

విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా సవరణలు ఇవ్వడం 2020 జనవరి 14న ఆపేసింది. డబ్బు కట్టే సంస్థలకి ఇచ్చినవి కూడా 2023 జనవరితో ఆగిపోయాయి. క్రోమ్ విండోస్ 7 మీద 109వ వెర్షన్ దగ్గరే నిలిచిపోయింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ వెర్షన్ దాని మీద ఎక్కదు. మైక్రోసాఫ్ట్ వారి ఎడ్జ్ కూడా 109 దగ్గరే ఆగింది. అంటే మీ పాత కంప్యూటర్లో క్రోమ్ తెరుచుకుంటోంది కదా అనుకుంటే పొరపాటు. తర్వాత బయటపడిన లోపాలేవీ అందులో సరిచేయలేదు.

ఫైర్‌ఫాక్స్‌కి ఒక ప్రత్యేక శాఖ ఉంది. ఈఎస్ఆర్ అంటారు. అందులో 115వ వెర్షన్ 2023 జులైలో వచ్చింది. విండోస్ 7, 8, 8.1 వాడేవాళ్ళకి అదే చివరిది. కొత్త హంగులు రావు. భద్రతా సవరణలు మాత్రం ఇస్తూ, ఆ గడువుని మొజిల్లా ఒకటికి రెండుసార్లు పొడిగించింది. ప్రస్తుతం గడువు ఎంతవరకు ఉందో మొజిల్లా సైటులోనే చూసుకోండి. విండోస్ 7 మీదే ఉండాల్సి వస్తే ఆ గడువు లోపల ఈ ఫైర్‌ఫాక్స్ వాడండి. ఇంకేదైనా సైటు నుంచి దించుకోకండి.

అయినా ఒక మాట. బ్రౌజరుకి సవరణ వచ్చినా కింద ఉన్న విండోస్‌కి రావడం లేదు. అందువల్ల ఆ కంప్యూటర్లో బ్యాంకు పని చేయకండి. పాస్‌వర్డులు దాచకండి. మళ్ళీ చెబుతున్నాను. వార్తలు చదవండి, పాటలు వినండి, హాల్ టికెట్ తీసుకోండి. బ్యాంకు పని మాత్రం ఆ కంప్యూటర్లో వద్దు. సవరణలు అందుతున్న ఫోనులో చేసుకోండి.

కొంత ఖర్చు పెట్టగలిగితే? ముందు హార్డ్ డిస్క్ తీసి, తిరిగే పళ్ళెం లేని ఎస్ఎస్‌డీ వేయించండి. అటకకీ గట్టుకీ దూరం బాగా తగ్గుతుంది. ఎక్కడమూ దిగడమూ ఉంటుంది గాని, నిమిషాల పని క్షణాల్లో అవుతుంది. ఆ తర్వాత ర్యామ్. 64 బిట్ విండోస్ అయితేనే 4 జీబీ మీద ర్యామ్ వేయించండి. చాలా పాత కంప్యూటర్లలో ప్రాసెసర్ 64 బిట్‌దే ఉంటుంది, మీద వేసిన విండోస్ మాత్రం 32 బిట్‌ది. అది షాపులో అడిగి తెలుసుకోండి.

ఇంకో దారి, విండోస్‌కి బదులు లినక్స్ వేసుకోవడం. ఉదాహరణకి లినక్స్ మింట్. కనీసం 2 జీబీ ర్యామ్ కావాలి, 4 జీబీ ఉంటే మంచిదని దాన్ని తయారుచేసేవాళ్ళే చెబుతారు. ఉచితం. కొత్త ఫైర్‌ఫాక్స్ నడుస్తుంది, సవరణలు వస్తాయి. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, విండోస్‌ని ముట్టుకోకుండానే ఒకసారి నడిపి చూడొచ్చు. ప్రింటరు పనిచేస్తోందా, స్కానరు పనిచేస్తోందా, తెలుగు టైపింగు మీకు అలవాటైన పద్ధతిలో కుదురుతోందా చూసుకోండి. కుదిరితేనే మారండి. విండోస్ 10కి వెళ్దామా అని అడిగేవాళ్ళకి ఒక మాట. దానికి కూడా మామూలు సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 చాలా పాత యంత్రాలను అసలు ఒప్పుకోదు. అందుకే నా ఓటు లినక్స్‌కే.

ఇవన్నీ చేసేముందు ఒక పని ఉంది. సీ డ్రైవ్ సర్దినా, ఎస్ఎస్‌డీ వేయించినా, లినక్స్ పెట్టినా దానికి ముందే చేయాల్సిన పని. పదేళ్ళు దాటిన హార్డ్ డిస్క్ చెప్పి పోదు. పిల్లల మార్కుల మెమోలు, భూమి కాగితాల స్కాన్లు, పెద్దవాళ్ళ ఫొటోలు ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉంటే, ముందు వాటిని ఒక పెన్‌డ్రైవ్‌లోకో బయటి డిస్క్‌లోకో కాపీ చేయండి. కాపీ సరిగా తెరుచుకుంటోందో లేదో ఇంకో కంప్యూటర్లో పెట్టి చూడండి. అప్పుడు మిగతావి మొదలుపెట్టండి. ఈ ఆదివారమే ఆ పనికి కూర్చోండి.